రోహిణి కార్తెలో రంగు మారిన కాగితం

సోలాపూర్‌కు దుప్పట్లు కొనడానికి వెళ్తారు, పెళ్లి సంబంధాలు చూడటానికి వెళ్తారు. నేను గాలి చూడటానికి వెళ్లాను. ఈ మాట చెప్పగానే మా కాలేజీ అటెండర్ "మన సిరిసిల్లల గాలి లేదా మేడం?" అని అడిగాడు. ఉంది. కానీ ముప్పై ఏళ్లు ఒకే ఊళ్లో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పిన మనిషికి ఇంకో ఊరి గాలి మీద ఆశ పుట్టడం తప్పు కాదని నా అభిప్రాయం. మా ఇంట్లో ఈ అభిప్రాయాన్ని ఎవరూ బలపరచలేదు.

నేను చూడాలనుకున్నది ఓజోన్. పైన ఆకాశంలో ఉండి మనల్ని కాపాడుతుందని పిల్లలందరూ పరీక్షలో రాస్తారు. అదే వాయువు కింద మన ముక్కు దగ్గర పుడితే గొంతు గీరుతుంది, కళ్లు మండిస్తుంది. దాన్ని ఏ గొట్టమూ నేరుగా వదలదు. బండ్ల పొగ, పెట్రోలు ఆవిరి, రంగుల ఆవిరి, ఇవి సరుకులు; ఎండ పొయ్యి. పొయ్యి రాజుకుంటే తప్ప వంట కాదు. అందుకే మామిడిపండుకు ఉన్నట్టే దానికీ ఒక కాలం ఉంది. ఫాల్గుణంలో మొదలవుతుంది, చైత్ర వైశాఖాల్లో ముదురుతుంది, వానలు పడగానే చప్పబడుతుంది, చలికాలం మధ్యాహ్నాల్లో మళ్లీ కొంచెం తల ఎత్తుతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. రోళ్ల సంగతి నాకు తెలియదు గానీ, ఆ పదిహేను రోజుల మధ్యాహ్నాలు మాత్రం నా వాయువుకు పండగే.

మా చిన్నమ్మ కొడుకు శ్రీనివాస్‌కు సోలాపూర్ జోడ్‌భావి పేట్‌లో పన్నెండు సాంచాలు ఉన్నాయి. పవర్‌లూమ్‌ను మా సిరిసిల్లలోనూ సాంచా అనే అంటాం, అక్కడా అదే మాట. వెనకాల చిన్న రంగుల కార్ఖానా కూడా ఉంది. "ఒక్కసారి రా అక్కా" అని పదేళ్లుగా పిలుస్తున్నాడు. రోహిణి కార్తె చివరి వారంలో, మనుషులెవరూ ప్రయాణం చేయని ఎండలో, సంచీలో ఒక కట్ట వడపోత కాగితం, ఒక సీసా పొటాషియం అయొడైడ్ పెట్టుకుని బయలుదేరాను.

స్టేషన్ బయట

"కుఠే జాయ్‌చ మావ్‌శీ?" అన్నాడు ఆటో ఆయన, ఎక్కడికి పోవాలి పిన్నీ అని మరాఠీలో. నా హిందీ రెండు మాటలు వినేసరికి తెలుగులోకి దిగాడు. "తెలుగోళ్లా? ముందే చెప్పొద్దా మరి." పేరు యల్లప్ప. మరాఠీలో బేరం మొదలుపెట్టి, కన్నడంలో పక్క ఆటోవాణ్ణి తిట్టి, తెలుగులో నన్ను ఎక్కించుకున్నాడు. నూట ఇరవై అడిగాడు. ఆ డబ్బుకు సిరిసిల్లలో ఊరంతా రెండుసార్లు తిప్పుతారని చెప్పాను. "మీ ఊరు అంత చిన్నదా?" అని జాలిపడ్డాడు. వందకు కుదిరింది.

దారిలో ఈ ఊళ్లో పొగ ఎక్కడ ఎక్కువని అడిగాను.

"పొగ ఎందుకు మావ్‌శీ? సిద్ధేశ్వర్ గుడి చూపిస్త, కిల్లా చూపిస్త."

"నాకు పొగే కావాలి."

అద్దంలోంచి నా వైపు చాలాసేపు చూశాడు. "ఊర్ల నీ వాళ్లు ఎవరన్న ఉన్నరా?" అని నెమ్మదిగా అడిగాడు. తమ్ముడు ఉన్నాడని చెప్పాక కాస్త కుదుటపడ్డాడు. "అట్లయితె ఎల్లుండి నాతోని రా. ఏక్‌దమ్ నెంబర్ వన్ పొగ చూపిస్త" అని మాట ఇచ్చి, ఇంటి గుమ్మం దాకా వచ్చి నన్ను మా వాళ్లకు స్వయంగా అప్పజెప్పి వెళ్లాడు.

జోడ్‌భావి పేట్

మా ఊళ్లో వీధి చివర వినిపించే సాంచాల చప్పుడు ఇక్కడ మంచం కింద నుంచి వస్తుంది. మొదటి గంట తల పగిలిపోయింది. రెండో గంటకు, కరెంటు పోయి చప్పుడు ఆగితే, ఏదో కీడు జరిగినట్టు అందరం లేచి కూర్చున్నాం.

"ఏంది అక్కా, ఇంత ఊన్‌ల వచ్చినవ్? దివాళీకి వస్తె ఏమైతుండె?" అంది మరదలు లత, చెంబుతో నీళ్లిస్తూ. ఊన్ అంటే వీళ్లకు ఎండ. తాతల కాలంలో కరీంనగర్ జిల్లా నుంచి వచ్చిన కుటుంబం. మా అమ్మమ్మ మాట్లాడిన తెలుగే మాట్లాడతారు, మధ్యలో మరాఠీ మాటలు గడపలు దాటుతుంటాయి. భోజనంలోకి కడక్ భాకరి పెట్టింది. ఎండబెట్టిన జొన్నరొట్టె అది. నేను చేత్తో విరవబోతే విరగలేదు. లత నవ్వి, మోచేత్తో ఒక్కటి వేసి ముక్కలు చేసి ఇచ్చింది. పల్లీల కారంతో తిన్నాను. మన పల్లీ చట్నీ నీళ్లతో గెలుస్తుంది, వీళ్లది నీళ్లు లేకుండా గెలుస్తుంది. కారం పొట్లం రెండు పూటల్లో అయిపోయింది.

భోజనాల దగ్గరే శ్రీనివాస్ నర్సయ్య మామ సంగతి ఎత్తాడు. కార్ఖానాలో నూలుకు రంగు అద్దేది ఆయనే. డెబ్బై దాటాయి. శ్రీనివాస్ నాన్న కాలం నుంచి, అంటే వీడు లాగు తొడుక్కోని రోజుల నుంచి ఆ తొట్టి దగ్గర నిలబడ్డ మనిషి.

"కండ్లు పోయినయ్ అక్కా. నిరుడు తువ్వాళ్ల లాట్‌ల షేడ్ తప్పిండు, మాల్ వాపస్ వచ్చింది. ఇగ ఈ లాట్ చివరిది. ఇది గిట్ల తప్పిండంటె చెయ్యి పట్టి ఇంటికి పంపుడే. మిషిన్ పెడ్త. రంగు కంప్యూటరే చూస్తది."

"ఆయనకు తెలుసా?"

"చెప్పిన. నర్సయ్య మామ ఏమంటడు? విని మల్ల తొట్టి దగ్గరికే పోయిండు."

ఏ రంగు కావాలని అడిగితే శ్రీనివాస్, లత ఇద్దరూ ఒకేసారి నా నోరు మూయబోయారు. ఈ పేటలో రంగుకు పేరు పెట్టరట. ఒకరి వంకాయ రంగు ఇంకొకరికి నేరేడు, ఇంకొకరికి ఉల్లిపొట్టు. పేరు పెడితే గొడవ. గిరాకీ పంపిన శాంపల్ కట్టేసి ఊరుకుంటారు, అద్దేవాడు చూసి తీస్తాడు. శాంపల్ కట్టాక కట్టినవాడూ అద్దేవాడూ నోరు విప్పకూడదు. మా సిరిసిల్లలో నేసేది ఎక్కువగా తెల్లగుడ్డ. మాకు రంగుల మర్యాదలు తెలియవు. ఆ శాంపల్ ఎక్కడ కడతారని నేను అడగలేదు. అడగాల్సింది.

గంజి

ఓజోన్ పట్టే కాగితం చేయడం కష్టం కాదు. పిండితో పల్చటి గంజి కాచి, చల్లారాక అందులో అయొడైడ్ కలిపి, కాగితానికి పూసి, నీడలో ఆరబెట్టాలి. ఓజోన్ తగిలితే తెల్ల కాగితం లేత ఊదాగా మొదలై ముదురుతుంది. ఇది మీటరు కాదు, ఉజ్జాయింపు మాత్రమే. అయినా లెక్కలు చూపించే పెట్టె కన్నా కళ్ల ముందు రంగెక్కే కాగితం నాకు ఇష్టం.

లత వంటింట్లో గంజి కాచి, అయొడైడ్ కలిపి, కాగితాలు కత్తిరించడానికి పక్క గదిలోకి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి లత గిన్నె పట్టుకుని గోడకు అంటుకుపోయి ఉంది. గిన్నెలో సిరా.

"ఒట్టు అక్కా, నేనేం చెయ్యలే. ఎండకు తాగనీకె చేసినవనుకున్న. ఉప్పేసి నిమ్మకాయ పిండిన, గంతే."

ఉప్పులో అయొడిన్ కలిపి అమ్ముతారు కదా, నిమ్మరసం తగలగానే నా అయొడైడ్‌తో చెయ్యి కలిపి గంజిని నీలం చేసింది. నేను పాఠం మొదలుపెట్టబోయాను. లత ఆ పాఠం వినలేదు. ఆ సాయంత్రం దాకా నేను చేసిన టీ కూడా తాగలేదు. రెండోసారి గంజి కాచినప్పుడు గిన్నె చుట్టూ ముగ్గుతో గీత గీసి, గీత దాటి ఎవరూ రావద్దని పిల్లలకు చెప్పింది. ఆ రక్షణలో పని బాగా జరిగింది.

చూరు కింద

కాగితం ఎండ తగలని చోట, గాలి ఆడే చోట కట్టాలి. మరునాడు పొద్దున్నే మిద్దె ఎక్కి వెతికాను. నూలు ఆరబెట్టే రేకుల షెడ్డుకు ఉత్తరం వైపు చూరు ఉంది. నేరుగా ఎండ పడదు, నాలుగు వైపులా గాలి. నా కోసమే కట్టినట్టుంది. మేకు కూడా ఉంది. మేకుకు ఎవరో ఇటుక రంగు దారపు పోగులు నాలుగు కట్టి వదిలేశారు. ఆ ఇంట్లో దారం లేని మేకు ఉండదు. అన్నంలో కూడా ఒక పోగు వచ్చింది. ఆ పోగులతోనే నా కాగితాన్ని మేకుకు బిగించి, తడిపి, గర్వంగా దిగివచ్చాను.

పదింటికి నర్సయ్య మామ మిద్దెకు వచ్చాడు. చేతులు మోచేతుల దాకా ఏడు రంగులు. సన్నటి మనిషి, మోకాళ్ల మీదికి పంచె. కాగితం ముందు నిలబడి ఒక కన్ను మూశాడు. తర్వాత ఇంకో కన్ను మూశాడు. వెళ్లి, మధ్యాహ్నం మళ్లీ వచ్చాడు. నాలుగింటికి మళ్లీ వచ్చాడు. నేను మెట్ల మీద నుంచి నమస్కారం పెడితే తడబడి దిగిపోయాడు. ఆయన ఇంటికి పోయాక, సాయంత్రం కాగితం విప్పి చూశాను. వంకాయ పువ్వు రంగు. మరునాడు పొద్దున కట్టడానికి కొత్త తెల్లది తీసిపెట్టాను; ఆ తర్వాత రోజూ అదే పద్ధతి.

ఆ రాత్రి నోట్‌బుక్‌లో ఇలా రాసుకున్నాను: "ఇక్కడి కార్మికుల్లో విజ్ఞానశాస్త్రం మీద ఆసక్తి ఎక్కువ. మా స్టాఫ్‌రూమ్‌లో ఇంత లేదు." ఇప్పుడు ఆ పేజీ చూడాలంటే నాకు ముఖం చెల్లదు.

యల్లప్ప పొగ

మాట ప్రకారం యల్లప్ప వచ్చాడు. బస్సులు, లారీలు, ఆటోలు ఒకదాని మూతి మీద ఒకటి ఊపిరి వదిలే కూడలికి తీసుకెళ్లాడు. "కైసా హై?" అన్నాడు, తన పొలం చూపించే రైతులా. నాకు దగ్గు తప్ప మాట రాలేదు. అక్కడ ఒక టీ బండి నీడలో కాగితం కట్టించి, పొద్దటి నుంచి సాయంత్రం దాకా కాపలాకు టీ బండి ఆయన్ను ఒప్పించాడు.

సాయంత్రం వెళ్లి చూస్తే కాగితం దాదాపు తెల్లగా ఉంది.

యల్లప్ప ముఖం మాడిపోయింది. "నక్లీ కాగితం మావ్‌శీ ఇది. ఇంత పొగకు రంగు రాదా?"

రాదు, అదే అందులోని తమాషా. బండి గొట్టం నుంచి అప్పుడే వచ్చిన పొగ ఓజోన్‌ను తినేస్తుంది. ఆ పొగ గాలితో పోయి, ఎండలో నాలుగు గంటలు ఉడికి, ఊరి అంచుకు చేరాక ఓజోన్ అవుతుంది. వండిన చోట కాదు, వడ్డించిన చోట దొరుకుతుంది. ఇదంతా వివరించాను. యల్లప్ప విని, తన కూడలికి జరిగిన అవమానం మరిచిపోలేక, "వానకాలం ఏమైతది మరి?" అని అడిగాడు. మబ్బు పడితే పొయ్యి ఆరిపోతుంది, కాగితం ఎక్కడ కట్టినా తెల్లగానే ఉంటుందని చెప్పాను. "అప్పుడు అందరు సమానం. బర్, మంచిదే" అని కాస్త సంతోషించాడు.

విడీ ఘర్కుల్

ఊరి అంచు అంటే నాకు విడీ ఘర్కుల్ చూపించారు. బీడీలు చుట్టే ఆడవాళ్ల కోసం కట్టిన ఇళ్లు, వరసలు వరసలుగా. సగానికి సగం మన వాళ్లే. నర్సయ్య మామ ఇల్లూ అక్కడే. ఆయన భార్య రాజవ్వ గడపలో చేట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆకు కత్తిరించడం, తంబాకు పోయడం, చుట్టడం, మూతి మడవడం, ఇవన్నీ నా ముఖం చూస్తూనే చేస్తుంది. చేట వైపు ఒక్కసారి చూడలేదు. నేను ఒకటి చుట్టాను. దాన్ని ఇరుగుపొరుగు ఆడవాళ్లందరికీ తిప్పి చూపించారు. ఒక ముసలమ్మ అయితే చిలకడదుంప అనుకుంది.

"దుపారి మూడు అయ్యిందంటె గొంతు కొట్టుకపోతది బిడ్డ" అంది రాజవ్వ. "అందరు తంబాకు అంటరు. తంబాకు ఏడాదంత బారా మైనె చుడుతున్న. మాగ మాసంల ఎందుకు పట్టుకోదు?"

ముప్పై ఏళ్లలో నా పిల్లలెవరూ ఇంత మంచి ప్రశ్న అడగలేదు. తంబాకు మంచిదని నేను చెప్పలేదు. కానీ మాఘమాసానికీ రోహిణికీ తేడా తంబాకులో లేదని, ఎండలో ఉందని చెప్పాను. ఆమె గడప నీడలో కట్టిన కాగితం సాయంత్రానికి జోడ్‌భావి పేట్ దానికంటే ముదురు రంగుకు వచ్చింది. మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా గడపలో కాక లోపలి గదిలో చుట్టుకోమని చెప్పాను. "లోపట మాట్లాడనీకె ఎవరుంటరు?" అంది.

వచ్చేటప్పుడు గుసగుసగా ఒక మాట చెప్పింది. "ముసలాయనకు ఏమైందో చూడు బిడ్డ. యాభై ఏండ్లల నా దిక్కు చూడని మనిషి మూడు దినాల సంది నా చీరె రంగు అడుగుతున్నడు. పొద్దుగాల అడుగుతడు, రాత్రికి మల్ల అడుగుతడు. అదే చీరెనా, అదే రంగా అంటడు." చెబుతూ కొంగు సర్దుకుంది. కొత్తగా తీసిన చీర కట్టుకుందని అప్పుడు గమనించాను. ముసలితనంలో ముచ్చటలే అని నవ్వి ఆటో ఎక్కాను.

ముప్పై కిలోలు

మరునాడు నర్సయ్య మామ పైకి రాలేదు. కింద తొట్టెలు పొగలు కక్కుతున్నాయి, రంగు అద్దుతున్నాడు. నేను షెడ్డు వెనక దండెం మీద ఏడు కాగితాలు వరసగా కట్టి, గంటకు ఒకటి చొప్పున విప్పుతూ పోయాను. నాలుగో గంటకు మాత్రం సరిచూసుకోవడానికి రెండు విప్పాను. వెనకాల పెన్సిల్‌తో గంట రాసి, ప్లాస్టిక్ కవర్లలో పెట్టాను. చాలా సంతోషంగా గడిచిన రోజు అది.

ఐదింటికి కింద నుంచి శ్రీనివాస్ గొంతు. వాడు అరవడు. ఆ రోజు కూడా అరవలేదు. "ఇది ఏంది మామా?" అన్నాడంతే. ఎందుకో సాంచాలు రెండు ఆగాయి.

కర్రల మీద తడి నూలు చిలపలు వేలాడుతున్నాయి. ముప్పై కిలోలు. అన్నీ వంకాయ పువ్వు రంగు.

ఆ రంగు నాకు బాగా తెలుసు. నా నోట్‌బుక్‌లో ఉంది.

"శాంపల్ ఏంది, నువ్వు తీసింది ఏంది?" అన్నాడు శ్రీనివాస్. "నేను కట్టింది ఇటుక..." అని, రంగు పేరు నోటి దాకా వచ్చి ఆగిపోయాడు. "నిరుడు గంతే, ఇప్పుడు గంతే. ఇగ చాలు మామా. రేపటి సంది ఇంట్ల కూసో. నీకు ఇయ్యాల్సింది ఇస్త."

నర్సయ్య మామ తువ్వాలు తీసి చేతులు తుడుచుకున్నాడు. తుడిస్తే పోయే రంగులా అవి, ఊరికే తుడుస్తున్నాడు.

నేను అక్కడే చెప్పేశాను. మేకు, చూరు, కాగితం, ఆ ఇటుక రంగు పోగులతోనే కాగితం బిగించిన ఘనకార్యం, అన్నీ చెప్పాను. ఉత్తరపు చూరు రంగు చూసుకోవడానికి ఈ పేటలో అందరూ వాడే చోటట. ఎండ పడని వెలుతురులోనే రంగు నిజం తెలుస్తుందట. నాకు గాలికి కావలసిన చోటు, ఆయనకు రంగుకు కావలసిన చోటు ఒకటే అయింది. పెద్ద గిరాకీలు ఈ మధ్య దారానికి బదులు కాగితం ముక్కలే పంపుతున్నారు కనుక ఆయన నా కాగితాన్ని శాంపల్ అనుకున్నాడు, పోగులను కట్టుదారం అనుకున్నాడు.

శ్రీనివాస్ అంతా విని నా భుజం మీద చెయ్యి వేశాడు. "నువ్వు మంచిదానివి అక్కా. మామను కాపాడనీకె చెప్తున్నవ్. తెల్ల కాగితం దానంతట అది రంగు మారుతదా?"

"మారుతుంది. రేపు నీ కళ్ల ముందు మారుస్తాను. చూసి మాట్లాడు."

"బర్. రేపు సూద్దాం" అన్నాడు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

మృగశిర

తెల్లారి లేచి చూస్తే ఆకాశం లేదు. ఊరి మీద మబ్బు బోర్లించి ఉంది. మృగశిర కార్తె ప్రవేశించింది. ఊరంతా సంతోషం. మృగశిర నాడు చేప తినాలని సిరిసిల్లలో లాగే ఇక్కడా నియమం. లత నాలుగింటికే లేచి బజారుకు పోయి, మామూలు రోజు ధరకు రెండింతలు పెట్టి చేపలు తెచ్చింది. నన్ను చూసి "చల్లగయింది అక్కా" అంది. ఏడాదంతా ఎదురుచూసే వానను ఆ పొద్దున నేను ఒక్కదాన్నే తిట్టాను.

తొమ్మిదింటికి కాగితం కట్టాను. శ్రీనివాస్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నర్సయ్య మామ గోడకు ఆనుకుని కూర్చున్నాడు, చేయడానికి పని లేదు కనుక. పదకొండు అయింది. ఒంటిగంట అయింది. సన్నగా చినుకు మొదలైంది. మూడింటికి శ్రీనివాస్ లేచి కాగితం దగ్గరికి వెళ్లి, కళ్లద్దాలు తీసి చూశాడు, పెట్టుకుని చూశాడు.

"తెల్లగనే ఉన్నది అక్కా."

మబ్బు పట్టింది, పొయ్యి ఆరింది, ఇది కాలం తప్పు అని చెప్పాను. నా గొంతు నాకే దొంగ సాకులా వినిపించింది. హోంవర్క్ మరిచిన పిల్లలు ఇలాగే మాట్లాడతారు. నర్సయ్య మామ అప్పటికే లేచి తువ్వాలు దులుపుకుంటున్నాడు.

అప్పుడు నాకు కోపం వచ్చింది. మబ్బు మీద, నా మీద, తమ్ముడి మీద. "కూసో మామా" అన్నాను. "శీనూ, కాగితం మారుతుందా లేదా అనేది వదిలెయ్. నీకు కావలసింది ఆయన కళ్ల సంగతి కదా?" నోట్‌బుక్‌లోంచి ఏడు కవర్లు తీశాను. వెనకాల గంటలు రాసి ఉన్నాయి, ముందు నుంచి కనపడవు. వాటిని శ్రీనివాస్ చేతికే ఇచ్చి కలిపేయమన్నాను. నా కళ్లకు వాటిలో మూడో గంటకూ నాలుగో గంటకూ తేడా తెలియదని కూడా ఒప్పుకున్నాను.

నర్సయ్య మామ ఉత్తరం వైపు తిరిగి కూర్చున్నాడు. ఒక కన్ను మూశాడు. ఒక్కొక్కటి తీసి లేత నుంచి ముదురుకు నేల మీద పేర్చాడు. పేర్చి, నడిమి నుంచి రెండు తీసి ఒకదాని మీద ఒకటి పెట్టాడు.

"ఇవి రెండు ఒక్కటే. వేరె చెయ్యనీకె రాదు."

శ్రీనివాస్ ఒక్కొక్కటే తిప్పాడు. ఒకటి, రెండు, మూడు. జతగా పెట్టినవి తిప్పితే రెండింటి వెనకా నాలుగు. తర్వాత ఐదు, ఆరు. మళ్లీ మొదటి నుంచి తిప్పి చూశాడు. తర్వాత కిందికి పోయి ఒక నూలు చిలప తెచ్చి, మొన్నటి కాగితం నన్ను అడిగి తీసుకుని, పక్కపక్కన పెట్టాడు. నూలు ఎక్కడ అయిపోయిందో కాగితం ఎక్కడ మొదలైందో నాకు తెలియలేదు. ఆ నూలు తర్వాత దుప్పటి అంచులకు వాడారని విన్నాను.

వాన గట్టిపడింది.

"కాగితం వేరె తీరుగ ఉన్నదని నీకు ఎరుకైతె నన్ను అడగొచ్చు గద మామా?" అన్నాడు శ్రీనివాస్.

నర్సయ్య మామ కాగితాల వైపే చూస్తూ చెప్పాడు. "పొద్దుగాల తెల్లగ కనవడ్డది. దుపారి కొంచెం రంగొచ్చింది. సాయంత్రం ఇగో, ఈ నూలు రంగు. తెల్లారి వచ్చి చూస్తె మల్ల తెల్లగ. మూడు దినాలు గిట్లనే. కాగితం ఎట్ల మారుతది? నా కండ్లే పోయినయ్ అనుకున్న. ఇంట్ల దాని చీరె చూసుకుంట, రంగు సరిగ కనవడుతున్నదో లేదో అని. నిన్ను అడిగితె ఇంటికి పొమ్మంటవ్. అందుకని అడగలే. తెల్లది ఎవరు అద్దమంటరు, సాయంత్రం కనవడ్డదే తీసిన."

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఆయన నా కాగితం ముందు ఒక కన్ను మూసి నిలబడ్డప్పుడల్లా నేను మెట్ల మీద నుంచి మురిసిపోయాను. శాస్త్రం మీద ఆసక్తి అని రాసుకున్నాను. ఒక ముసలి మనిషి మూడు రోజులు తన కళ్లు పోతున్నాయని భయపడుతుంటే, ఆ భయాన్ని పొద్దునే తడిపి మరీ మేకుకు కట్టింది నేను.

"అది నిజంగానే మారింది మామా" అన్నాను. "నువ్వు చూసింది చూసినట్టే ఉంది. రోజూ మారింది, రోజూ నేను కొత్తది కట్టాను."

"నిజంగనే మారిందా?"

"ఒట్టు."

ఆయన రెండు అరచేతులతో కళ్లు తుడుచుకున్నాడు, చెంపకు కొంచెం ఊదా అంటింది. శ్రీనివాస్ నేల వైపు చూస్తూ అన్నాడు. "పొద్దుగాల లౌకర్ రా మామా, జల్ది. ఇటుక రంగు తియ్యాలె. నిరుడు వాపస్ వచ్చిన మాల్ కూడ ఇంకోసారి చూద్దాం, అది ఎవరి తప్పో." పేటలో పుట్టి పెరిగిన మనిషి రంగు పేరు నోటితో పలకడం అదే మొదటిసారని లత తర్వాత చెప్పింది.

చేపల పులుసు తిని, నర్సయ్య మామ నెత్తిన తువ్వాలు కప్పుకుని బయలుదేరాడు. మెట్ల దగ్గర ఆగి, మళ్లీ ఎప్పుడొస్తావని నన్ను అడిగాడు. వచ్చే రోహిణికి వస్తానన్నాను.

"వానకాలం రా బిడ్డా" అన్నాడు. "వానకాలం అది మారదంటివి గద."